రేపటి మోటారు సైకిళ్ల ఎల్లేశన్న

ఎల్లేశన్న లేడు. ఈ రెండు మాటలూ కాగితం మీద పెట్టి చాలాసేపు వాటి వంకే చూస్తూ కూర్చున్నాను. రాసింది నా చెయ్యే. అయినా ఎవరో గిట్టనివాళ్లు పుట్టించిన వదంతిలా ఉన్నాయి. ఒక సాయంత్రం దాకా కిషన్‌బాగ్‌లో కెమెరా పక్కన నిలబడి, అరుస్తూ, నవ్వుతూ, అందరికీ చాయ్ తెప్పిస్తూ ఉన్న మనిషి మరునాడు ఎండ ముదరకముందే గతించాడంటే బుద్ధి ఎలా ఒప్పుకుంటుంది? శోకించడానికైనా కొంత నిబ్బరం కావాలి. నాకు ఇంకా అది కూడా చిక్కలేదు.

ఆ పొద్దున నేను సంతోష్‌నగర్‌లో మా ఇంట్లో పొయ్యి దగ్గర ఉన్నాను. ఫోన్ మోగింది. సునీత వదిన నంబరు. ఎల్లేశన్న భార్య ఆమె. నేను అన్న సినిమాలకు ఎడిటర్‌ని. క్రితం రోజు తీసిన షాట్‌ను పొద్దున్నే పంపిస్తానని అన్న నాతో చెప్పి ఉన్నాడు. అందుకని ఎత్తుతూనే, "వదినా, అన్న షాట్ పంపించాడా?" అన్నాను. అవతల ఉన్నది వదిన కాదు, పక్కింటాయన.

"ఎడిటింగ్ మేడమేనా? ఎల్లేశన్న పోయిండమ్మా."

"ఎక్కడికి పోయాడండీ?" అని అడిగాను.

వెనక ఎక్కడో వదిన ఏడుపు వినబడిన తరువాత గాని ఆ 'పోవడం' ఏమిటో నాకు తెలియలేదు. తెలిసిన తరువాత కూడా పొయ్యి మీది పాలు దించాను, గిన్నె మీద మూత పెట్టాను. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. మనసు మాత్రం ఆ ప్రశ్న దగ్గరే నిలిచిపోయింది.

ఆ రోజంతా ఎంతమంది ఫోన్ చేశారో! ప్రతివారి నోటా మొదటి మాట ఒక్కటే: "బండి మీదనా?" మోటారు సైకిళ్ల పందేల సినిమాలు తీసిన మనిషి మోటారు సైకిల్ మీదే పోయి ఉంటాడని లోకం నిశ్చయించుకుంది. కాదు. ఇంటి దగ్గరి టిఫిన్ సెంటర్‌లో ఇడ్లీ చెప్పి బల్ల మీద కూర్చున్నాడు. ఛాతీలో మంటగా ఉందని, గ్యాస్ అనుకుని సోడా అడిగాడు. సోడా వచ్చేలోపు పక్కనున్న ఆయన భుజం మీదికి ఒరిగాడు. ఆటోలో దవాఖానకు చేర్చేసరికి అంతా అయిపోయింది. నలభై ఆరేళ్ల వయసు. మధుమేహం లేదు, రక్తపోటు లేదు. కొన్నేళ్లుగా బండిని జోరుగా నడిపింది కూడా లేదు. వెనక వచ్చే ఆటోవాళ్లు హారన్ కొట్టి విసుక్కునేంత నిదానంగా పోయేవాడు.

తెలియనివారి కోసం చెబుతాను. 'నీళ్ల రేసు' సినిమా తీసింది ఈ ఎల్లేశే. రాబోయే కాలపు హైదరాబాద్. చెరువులన్నీ ఎండిపోయాయి. నేలమీది రోడ్లు పనికిరాకుండా పోయి, మనుషులు ఫ్లైఓవర్ల మీద గుడిసెలు వేసుకుని బతుకుతుంటారు. ఏడాదికొకసారి మొహల్లాల మధ్య మోటారు సైకిల్ పందెం. గెలిచిన మొహల్లాకు ఆ ఏడాది మంచినీళ్లు. తెలుగులో భవిష్యత్తును చూపించిన సినిమాలే తక్కువ. చూపించినవాటిలో కూడా భవిష్యత్తు అంటే గాజు మేడలు, వెండి దుస్తులు. ఎల్లేశన్న భవిష్యత్తులో బిందెలున్నాయి, ట్యాంకర్ దగ్గర లొల్లి ఉంది, గాలిలో ఎగిరే బండికి కూడా వెనక నిమ్మకాయ కట్టి ఉంటుంది. అందుకే జనం దాన్ని తమదనుకున్నారు.

ఈ పిచ్చి అతనికి ఎలా పట్టిందో ఎన్నోసార్లు చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ లేచి నిలబడే చెప్పాడు. కిషన్‌బాగ్‌లో పుట్టి పెరిగిన మనిషి. ఇంటర్ చదివే రోజుల్లో పాతబస్తీలో ఒక పాత టాకీసులో ఏదో విదేశీ చిత్రం హిందీ మాటలతో ఆడుతోంది. భవిష్యత్ నగరం, వెలుగుతున్న చక్రాల మోటారు సైకిళ్లు, పందెం. సరిగ్గా పందెం మధ్యలో కరెంటు పోయింది. కటిక చీకటి. ముందు వరుసలో ఎవరో నోటితో బండి చప్పుడు చేశాడట. పక్కవాడు అందుకున్నాడు. కాసేపటికి హాలు హాలంతా నోళ్లతోనే గేర్లు మారుస్తూ, మలుపులు తిరుగుతూ, ఆ పందేన్ని చీకట్లోనే నడిపించింది.

"కరెంటు వచ్చినంక సూస్తే పరదా మీద బండ్లు మేం అనుకున్న కాడ లేవు చెల్లె. మేం మస్తు ముందుకు పోయినం!" అనేవాడు. "నాకు సినిమా అంటే ఏందో గా చీకట్లనే ఎరుకైంది."

తండ్రి పోచయ్య బాపు ప్రభుత్వ బస్సు డ్రైవర్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఉద్యోగకాలమంతా ఒక్క ప్రమాదం చేయలేదన్న గౌరవం ఆయనది. కొడుకు సినిమా మొదటి ఆట చూసి బయటికి వచ్చాక, చుట్టూ జనం ఈలలు వేస్తుంటే, ఎల్లేశన్న చిన్నపిల్లాడిలా ఎదురుగా నిలబడి, "బాపు, ఎట్లున్నది?" అని అడిగాడు. బాపు కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మంచిగనే ఉన్నదిరా. కానీ బిడ్డా, గంత జోరుగ ఉరుకుతే ఎవ్వలు ఎక్కాలె, ఎవ్వలు దిగాలె?"

మేమంతా పడీపడీ నవ్వాం. అన్న కూడా నవ్వాడు. ఆ మాటను కొన్నాళ్లు యూనిట్‌లో అందరం పరిహాసానికి వాడుకున్నాం కూడా.

ఆ సినిమాలోని బండ్ల పుట్టుక గురించి రాయకపోతే అన్న స్వభావం తెలియదు. భవిష్యత్తు మోటారు సైకిళ్లను తయారు చేయించడానికి ముంబై నుంచి నిపుణులను పిలుద్దామని నిర్మాత అంటే, అన్న నన్ను వెంటబెట్టుకుని ధూల్‌పేట్‌కు పోయాడు. వినాయక విగ్రహాలు చేసే గోపీ సింగ్ అనే శిల్పి దగ్గరికి. పాత బైకుల మీద ఆయన గడ్డి, గోనెపట్ట, ప్లాస్టర్‌తో కొత్త ఒళ్లు కట్టాలన్నమాట. గోపీ సింగ్ బొమ్మ కాగితాలు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"భాయ్, ఇది గాడీనా, చేపనా?"

"గాడీనే భాయ్. వంద ఏండ్ల తర్వాత గాడీ."

"వంద ఏండ్ల తర్వాతి గాడీ నేను చూస్తనా, నువ్వు చూస్తవా? నా చేతికి వచ్చినట్టు చేస్త. పహ్లే బప్పా పని అయిపోనీ."

వినాయక నిమజ్జనం అయిన తరువాతే పని మొదలుపెట్టాడు. ఆయన చేతికి వచ్చినట్టే చేశాడు. మొదటి బండికి ముందుభాగం ఏనుగు కుంభస్థలంలా గుండ్రంగా, మధ్యభాగం బొజ్జలా వచ్చింది. కళాదర్శకుడు తల పట్టుకున్నాడు. ఎల్లేశన్న మాత్రం దాని చుట్టూ ప్రదక్షిణం చేసినట్టు తిరిగి, ఆ బొజ్జ మీద చెయ్యివేసి, "గిదే నా విలన్ బండి. దీన్ని చూస్తే భయం పుట్టాలె, దండం గూడ పెట్టాలె" అన్నాడు. సినిమా విడుదలయ్యాక తెర మీద ఆ బండి కనబడగానే టాకీసులలో జనం నిజంగానే చేతులెత్తారు.

వేగం సంగతీ అంతే. మా దగ్గర వేగంగా తీయగల హంగులేవీ లేవు. కిషన్‌బాగ్ గల్లీలో బండి మనిషి నడిచినంత నెమ్మదిగా కదిలేది. అన్న ఆ గల్లీ ఇండ్లకు పోయి ఆడవాళ్లను బతిమాలి రంగురంగుల చీరలు తెచ్చి, కెమెరాకు అంగుళాల దూరంలో తీగెల మీద కట్టించి, ఇరువైపుల నుంచి ఊపించాడు. ఎడిటింగ్ బల్ల మీద ఆ చీరలన్నీ కాంతిరేఖలై దూసుకుపోతుంటే నేను నోరు తెరిచాను. "వేగం బండిల ఉండదు చెల్లె. పక్కపొంటి ఉన్న గోడల ఉంటది" అన్నాడు. ఆ మాట విన్నప్పటి నుంచి నేను ఏ సినిమాకు పనిచేసినా అది నాకు పాఠమే. సినిమా ఆడుతున్నప్పుడు ఒకామె హాల్లో లేచి నిలబడి, "గదిగో, గది నా చీర!" అని కేక వేసిందని తెలిసి, వెతుక్కుంటూ పోయి ఆమెకు కొత్త చీర పెట్టి వచ్చాడు.

సినిమా అఖండంగా ఆడింది. పత్రికలు 'వైజ్ఞానిక కల్పనకు పాతబస్తీ చిరునామా' అని రాశాయి. రెండో భాగం తీయమని నిర్మాతలు బారులు తీరారు. ఎల్లేశన్న జీవితంలో అవి నిండు పున్నమి రోజులు. అప్పుడే ప్రవీణ్ పోయాడు.

ప్రవీణ్ డిగ్రీ చదివే కుర్రవాడు. సంతోష్‌నగర్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉండేవాడు. తల్లి మార్తమ్మ ఇంటి దగ్గర జాకెట్లు కుట్టేది. భర్త లేడు. 'నీళ్ల రేసు'లో హీరో చివరి మలుపులో బండి మీద బోర్లా పడుకుని, కాళ్లు వెనక్కి చాపి, రెండు చేతులూ వదిలేస్తాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రవీణ్ మిత్రులతో పందెం కట్టి, పెద్ద రోడ్డు మీద అదే చేశాడు. మిత్రులు సెల్‌ఫోన్‌లో తీశారు కూడా. డివైడర్‌ను కొట్టుకుని ఆ రోడ్డు మీదే ప్రాణం విడిచాడు.

ఆ వార్త అన్నకు చెప్పింది నేనే. ఫోన్‌లో చెప్పలేక ఇంటికి వెళ్లి చెప్పాను. విన్నవాడు విన్నట్టే చెప్పులు వేసుకుని నాతో బయలుదేరాడు. ఎవరెంత వారించినా వినలేదు. ఆ ఇంట్లోకి వెళ్లి, మార్తమ్మ ఎదుట నేల మీద కూర్చున్నాడు. బంధువులు ఎవరో కోపంగా లేచారు. ఆమె చేతితో ఆపింది. అన్నను ఒక్క మాట అడిగింది.

"నా కొడుకు నీ సినిమా మస్తుసార్లు చూసిండయ్యా. నువ్వు ఒక్కసారన్న చూసినవా?"

ఆ ప్రశ్నలో నింద లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అక్కడినుంచి అన్న తిన్నగా స్టూడియోకు వచ్చి, "సినిమా పెట్టు, మొదటి కెల్లి పెట్టు" అన్నాడు. ఇద్దరం కూర్చున్నాం. మా చెయ్యి ఆనని ఫ్రేము ఒక్కటి కూడా లేని సినిమా అది. అయినా ఆ పూట కొత్తగా చూశాం. సగం దాటాక అన్న తెర వైపు వేలు చూపించాడు.

"చూసినవా చెల్లె? దీంట్ల ఇంతమంది పడ్డరు. ఒక్కలకన్న దెబ్బ తాకిందా? బండి పడుడు చూపించినం. మనిషి పడుడు చూపియ్యలే. పడంగనే కట్ జేసినం."

"అన్నా, కట్ చేసింది నేను. వేగం తగ్గుతుందని..."

"నేను చెప్తేనే గద చేసినవ్. నీ మీద ఏసుకోకు" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ తరువాత రేసు సినిమా మాట ఎత్తలేదు. రెండో భాగం గురించి ఒక నిర్మాత మరీ మరీ అడిగితే, "రెండో భాగం అయిపోయింది సార్. సంతోష్‌నగర్‌ల అయిపోయింది" అన్నాడు. ఆయనకు అర్థం కాలేదు. అన్న వివరించలేదు. కొన్నేళ్లు టీవీ ధారావాహికలకు ఎపిసోడ్లు తీస్తూ, పెళ్లి వీడియోలు కూడా తీస్తూ కాలం గడిపాడు. సునీత వదిన ఒక బడిలో టీచరు. ఇల్లు ఆమె నడిపింది. ఆ ఏళ్లలో ఆమె ఒక్కనాడు కూడా "ఎందుకిలా?" అని అడగలేదు. అది ఎంత పెద్ద సంగతో సినిమావాళ్ల ఇండ్లలో ఉన్నవారికి తెలుస్తుంది.

మార్తమ్మ ఇంటికి మాత్రం పోతూనే ఉండేవాడు. మొదట్లో ఆమె తలుపు తీయలేదు. గుమ్మం బయట కాసేపు కూర్చుని వచ్చేసేవాడు. తరువాత తరువాత తలుపు తీసింది. మరికొన్నాళ్లకు మంచినీళ్లు ఇచ్చింది. ఆమె కుట్టుమిషన్ తొక్కుతుంటే అన్న ఒక పక్కన కూర్చునేవాడు. కరెంటు బిల్లు కట్టి రావడం, దారపు ఉండలు తెచ్చిపెట్టడం, అంతే. నేను ఒకసారి ఉండబట్టలేక, "అన్నా, ఆమెను క్షమాపణ అడిగావా?" అన్నాను.

"మాఫీ అడిగితే ఆమె 'సరే' అనాల్నా, 'వద్దు' అనాల్నా అని ఫికర్ పడాలె. ఉన్న దుఃఖం చాలదా ఆమెకు? నేనొచ్చి ఇంకో బరువు పెట్టాల్నా?"

ఎంత సంస్కారం! అది చదువుతో వచ్చేది కాదు, వయసుతో వచ్చేదీ కాదు. నేను చాలామంది పెద్దల సన్నిధిలో పనిచేశాను. అపరాధ భావాన్ని కూడా తన సౌఖ్యం కోసం వాడుకోకుండా మోసిన మనిషిని ఇతన్నొక్కణ్ణే చూశాను.

మూడేళ్ల క్రితం ఒక మధ్యాహ్నం అన్న మా ఇంటికి వచ్చాడు. మా అమ్మ తెనాలి నుంచి వచ్చి ఇన్నేళ్లయినా ఆమె మాట మారలేదు. "ఏం బాబూ, బొత్తిగా నల్లపూసవైపోయావ్" అంటూ కాఫీ ఇచ్చింది. అన్న కాఫీ తాగి గ్లాసు పక్కన పెట్టాడు. తరువాత కథ చెప్పాడు. 'మరుపు బండి'.

రాబోయే కాలం. పెట్రోలు లేదు, బ్యాటరీ లేదు. పందెపు బండి, దాన్ని నడిపేవారి జ్ఞాపకాలతో నడుస్తుంది. ఎంత జోరు కావాలంటే అంత పెద్ద జ్ఞాపకం కాలిపోవాలి. ఒక అమ్మాయి పందేలకు వస్తుంది. మొదట చేదు జ్ఞాపకాలు వేస్తుంది. బడిలో తిన్న దెబ్బలు, పడ్డ అవమానాలు. అవి కాలిపోతుంటే హాయిగా ఉంటుంది, గెలుస్తూ పోతుంది. అవి అయిపోయాక మంచివి మొదలవుతాయి. చివరి పందెంలో ఆమె దగ్గర తల్లి గొంతు ఒక్కటే మిగులుతుంది.

"అన్నా, మళ్లీ రేసు సినిమానా?" అన్నాను. నా గొంతులో భయం నాకే వినబడింది.

"రేసు సినిమానే. ఇన్ని ఏండ్లు పారిపోయిన. బండి అంటే నాకు ఇప్పటికీ పానమే చెల్లె, అబద్ధం ఎందుకు చెప్పాలె? జోరు ఎంత మంచిగుంటదో చూపిస్త. దాంతోని ఏం పోతదో గది గూడ చూపిస్త. రెండూ చూపియ్యకపోతే నేను మళ్ల అబద్ధమే చెప్పినట్టు."

తీశాడు. ఇదివరకటి కంటే మెరుగైన వేగం తీశాడు. గోపీ సింగ్ ఈసారి బండ్లకు పల్చని, పారదర్శకమైన ఒళ్లు పోశాడు. జ్ఞాపకం కాలుతున్నప్పుడు లోపల దీపంలా వెలిగేట్టు. సినిమా నడుమ ఒక పందెంలో పేరు కూడా లేని ఒక పోటీదారు పడిపోతాడు. అందరూ ముందుకు సాగిపోతారు. కానీ కెమెరా సాగదు. పడినవాడి దగ్గరే ఉండిపోతుంది. బండ్ల హోరు దూరమై, దూరమై, చివరికి అతని ఊపిరి ఒక్కటే వినబడుతుంది. నిర్మాతకు ఆ షాట్ మింగుడుపడలేదు. "ఎల్లేశ్, జనం పందెం చూడడానికి వస్తారు. మధ్యలో వాళ్లను రోడ్డు మీద వదిలేస్తావా?" అని వాదించాడు. "అవును సార్, జరసేపు వదిలేస్త" అన్నాడు అన్న.

సినిమా పూర్తయ్యాక అందరికన్నా ముందు ఒకరికి చూపించాలన్నాడు. ఎవరికో నాకు తెలుసు. వద్దన్నాను. ఆ తల్లికి అది ఎలాంటి శిక్షో ఆలోచించమన్నాను. "చూస్తవా అని అడుగుత. వద్దంటే ఊకుంట" అన్నాడు. మార్తమ్మ వచ్చింది. తెల్లచీర, చేతిలో చిన్న సంచి. నా ఎడిటింగ్ గదిలో నా పక్క కుర్చీలో కూర్చుంది. అన్న కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఆ షాట్ వచ్చింది. పోటీదారు పడ్డాడు. మార్తమ్మ లేచి నిలబడింది. అన్న నాకు సైగ చేశాడు. నేను ఆపబోయాను.

"ఆపకమ్మా" అందామె తెర మీది నుంచి చూపు తిప్పకుండా. "వాని దగ్గరికి ఎవరన్న పోతరా, పోరా? చూడనియ్యి."

ఎవరూ పోరు. మేము తీసింది అంతే. షాట్ అయిపోయింది. ఆమె అలాగే నిలబడి ఉంది.

"ఎవ్వలు పోలేదేందయ్యా?" అని అన్నను అడిగింది. "మా ప్రవీణ్ దగ్గరికి ఒకామె పోయిందంట. ఎవరో, పేరు తెల్వది. కూరగాయల సంచి కింద పడేసి ఉరికిందంట. తల ఒళ్లె పెట్టుకొని నీళ్లు తాపిందంట. వాడు తాగిండో లేదో. నేను ఇన్నేండ్ల సంది గా ఒక్క మాట పట్టుకొనే బతుకుతున్న. గది పెట్టకపోతివి."

అన్న మొహం చూశాను. ఇన్నేళ్లుగా ఆ ఇంటికి పోయివస్తున్నా ఆమె ఈ మాట అతనికి ఎన్నడూ చెప్పలేదు. గోడ వదిలి వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. "పెడ్తనమ్మా" అన్నాడు. ఆమె తల ఊపి, సంచి తీసుకుని, మిగిలిన సినిమా చూడకుండానే వెళ్లిపోయింది.

సినిమా విడుదల దగ్గరపడింది. అన్న పట్టు విడవలేదు. అదే గల్లీ, అదే వెలుగు కుదిరే రోజు కోసం ఆగి, కిషన్‌బాగ్‌లోనే ఆ ఒక్క షాట్ మళ్లీ తీశాడు. పడినవాడి దగ్గరికి పరుగెత్తే స్త్రీగా ఒక నటిని అనుకున్నారు. రిహార్సల్లో ఆమె బాగా ఏడ్చింది. "ఏడ్వొద్దమ్మా, ఆమెకు ఏడ్చే టైం ఎక్కడిది? నీళ్లు తాపాలె గద" అని ఎన్నిసార్లు చెప్పినా ఏడుపు వస్తూనే ఉంది. చివరికి చూస్తూ నిలబడ్డ సునీత వదిన వైపు తిరిగి, "నువ్వు రా" అన్నాడు. ఆమె జీవితంలో కెమెరా ముందుకు వచ్చింది లేదు. "నాకు రాదండి" అంది. "ఏం రావాలె? పిల్లగాడు పడ్డడు. పో" అన్నాడు. ఆమె పోయింది. ఒకే టేకు. ఆ సాయంత్రం అందరికీ చాయ్ తెప్పించి, నాకు ఫోన్ చేసి, "చెల్లె, వచ్చింది. పొద్దుగాల పంపిస్త" అన్నాడు. అతను నాతో మాట్లాడటం అదే ఆఖరు.

అంత్యక్రియల నాడు పోచయ్య బాపును ఇద్దరు పట్టుకుని నడిపించారు. ఆయన ఏడవలేదు. వచ్చిన ప్రతివారినీ, "తిన్నరా?" అని అడుగుతున్నాడు. అడిగినవారినే మళ్లీ అడుగుతున్నాడు. గోపీ సింగ్ మట్టి చేతులతోనే వచ్చి, పాడె మొయ్యడానికి ముందుకు వచ్చాడు. మార్తమ్మ గేటు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. వెళ్లేముందు, గేటు దాకా వచ్చిన సునీత వదిన పైటకొంగు సరిచేసి, చెయ్యి పట్టుకుని నిలబడింది. వారిద్దరి మధ్య ఏం నడిచిందో రాసే అర్హత నాకు లేదు.

నిర్మాత ఫోన్ చేశాడు. ఆ షాట్ తీసేయమంటాడేమోనని గుండె దిటవు చేసుకున్నాను. "మేడం, ఆయన ఎట్లా తీశాడో అట్లాగే పెట్టండి. ఎంత నిడివైనా సరే" అన్నాడు.

తెలుగు సినిమాకు దర్శకులు వస్తారు. ఇంతకంటే పెద్ద బండ్లు, ఇంతకంటే పెద్ద వేగాలు తెర మీదికి వస్తాయి. కానీ తన చేతిలోని వేగాన్ని అంతగా ప్రేమించి, అది ఎవరి ఇంటి మీదుగా పోయిందో వెనుదిరిగి చూసి, ఆ గుమ్మం ముందు ఏళ్లతరబడి కూర్చోగలిగిన కళాకారుడు నాకు తెలిసినంతలో ఇంకొకడు లేడు. నేను అతని సోదరిని కాదు, శిష్యురాలినని కూడా అతను ఒప్పుకోలేదు. "మనం జోడీదారులం చెల్లె, ఒకలు తీస్తం, ఒకలు కోస్తం" అనేవాడు. తీసేవాడు పోయాడు.

నిన్న, యూనిట్‌వాళ్లు తెచ్చి ఇచ్చిన ఆ షాట్ ముందు కూర్చున్నాను. వదిన పరుగెత్తి వచ్చింది. సంచి జారవిడిచింది. పడినవాడి తల ఒడిలోకి తీసుకుంది. కంగారులో సీసా మూత రాకపోతే పంటితో లాగింది. నీళ్లు పట్టింది. దూరంగా బండ్ల హోరు. ఆమె అతని నుదుటి మీద దుమ్ము తుడుస్తూ అలాగే ఉంది. ఇక చాలు, ఇక్కడ కోయాలి అని నా చెయ్యి ముందుకు పోయేలోపు, కెమెరా వెనక నుంచి అన్న గొంతు వినబడింది. మెల్లగా, దాదాపు నవ్వుతూ.

"చాలు సునీతా. లెవ్వు ఇగ."

ఆ మాటకు ముందు ఫ్రేములో కోశాను. సినిమాలో ఉండేది అక్కడిదాకానే. మిగిలిన ముక్కను తీసుకుని రేపు కిషన్‌బాగ్ పోవాలి. వదినకు ఎలా ఇవ్వాలో ఇంకా తెలియడం లేదు.